తడిసిన పటం మీద ఏడు అంగుళాలు

సోమవారం, ఉదయం అయిదూ నలభై. సూరత్ స్టేషన్. మే నెల మూడో వారం. రైలు దిగి పది అడుగులు వేసేసరికే చొక్కా వీపుకు అంటుకుంది.

నేను పుట్టింది కరీంనగర్ వైపు. పెరిగింది సూరత్‌లోనే, పర్వత్ పాటియాలో. బాపు మరమగ్గాల కార్ఖానాలో నేతపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను సైన్యంలో చేరి సర్వే పని నేర్చుకున్నాను. మంచులో కొలిచాను, ఇసుకలో కొలిచాను. సర్వీసు మొత్తంలో నేను పెరిగిన ఈ సూరత్ జిల్లాకు నన్ను డ్యూటీ మీద పంపింది ఒక్కసారే, ఇరవై ఎనిమిది రోజులు. ఇప్పుడు రిటైరై మా సందులో కూర్చుంటే అందరూ అడిగేది మంచు గురించే. "తూటలు పేలినయా కాకా?" అంటారు. పేలాయి. అవి ఎప్పుడో మరిచిపోయాను. మరవలేనిది ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక చెరకు ఊరిని. అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను.

స్టేషన్ బయట మా డ్రైవర్ జిప్సీ జీపుతో నిలబడి ఉన్నాడు. హర్యానా మనిషి. నా పెట్టె ఎక్కించకముందే మొదలుపెట్టాడు.

"ఇక్కడ డుమస్ అని సముద్రం ఒడ్డు ఉందట. టమాటా భజియా బాగుంటుందట. ఎప్పుడు పోదాం?"

"ముందు డ్యూటీ."

"డ్యూటీ ఎప్పుడూ ఉండేదే" అన్నాడు. ఆ మాట రోజుకోసారి అన్నాడు.

ఏడుంబావుకు ఊరు చేరాం. ఊరి పేరు రాయను. ఆ ఊరికి మా వల్ల పడింది చాలు. బడికి సెలవులు, అందుకని బడి వెనక మా టెంట్లు. రెండు టెంట్లు, ఒక లారీ, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు ఎనిమిది, మూడు వాకీటాకీలు. దూరాన్నీ కోణాన్నీ కలిపి కొలిచే టోటల్ స్టేషన్ యంత్రం ఒకటి, దానికి గురిగా నిలబెట్టే ప్రిజం కర్రలు రెండు. పగలు నలభై ఒక్క డిగ్రీలు. చుట్టూ మనిషెత్తు చెరకు, లోపల గాలి ఆడదు. మేం ఆరుగురం. మీకు తెలియాల్సింది నలుగురే. డ్రైవర్‌ను చూశారు. ప్రిజం కర్ర పట్టుకుని నడిచేవాడు ర్యాంకులో నా కింది మెట్టు నాయక్, కామారెడ్డి వైపు మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న, అక్కడ నాతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క ప్రాణి. యంత్రం దగ్గర హవల్దార్‌ని నేను. అందరి పైన కెప్టెన్ సాబ్.

కెప్టెన్ సాబ్‌కు పాత మ్యాపులంటే పిచ్చి. మొదటి రోజే మమ్మల్ని వరుసలో నిలబెట్టి చెప్పాడు.

"మనం చరిత్రలోకి నడవబోతున్నాం. ఈ ఊరి నూటయాభై ఏళ్ళ గతం మన కాళ్ళ కింద ఉంది."

నా కాళ్ళకు కొత్త బూట్లు కరుస్తున్నాయి. ఆ సంగతి చెప్పలేదు.

ఆర్డరు ఇది. పాతకాలంలో పటాలాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచి పోయేవి. రోజుకు పది పన్నెండు మైళ్ళు. రాత్రి దిగడానికి దారి పొడవునా మజిలీ మైదానాలు ఉండేవి. నడక ఎప్పుడో ఆగిపోయింది. మైదానాలు మాత్రం కాగితాల మీద ఇప్పటికీ సైన్యానివే. ఈ ఊళ్ళో అలాంటిది ఒకటుంది, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పాత మ్యాపు పట్టుకుని దాన్ని వెతకాలి. హద్దులు పాతాలి. హద్దు లోపల ఎవరైనా ఇళ్ళు కట్టుకుని ఉంటే గోడల మీద నంబర్లు వేసి రిపోర్టు పంపాలి. రిపోర్టుకు గడువు పది రోజులు.

పది రోజుల్లో మూడు రోజులు మ్యాపుకే పోయాయి. అది తాలూకా ఆఫీసు బీరువాలో ఉంది. మొదటి రోజు తాళంచెవి ఉన్నాయన పెళ్ళికి పోయాడు. రెండో రోజు తాళంచెవి వచ్చింది, ఏ బీరువాదో తెలియలేదు. మూడో రోజు ఊరి తలాటీ, అంటే మన దగ్గరి వీఆర్వో లాంటి ఉద్యోగి, తానే వచ్చి ఒక రేకు గొట్టం నా చేతిలో పెట్టాడు.

"వరదలో తడిసింది సాబ్. ఆరబెట్టాం. బాగానే ఉంది."

బాగానే ఉంది. ఆ మాట విన్నాను, తల ఊపాను, రిజిస్టరులో సంతకం పెట్టాను. ఆ సంతకం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అది గంజి పెట్టిన నేత గుడ్డ మీద నల్ల సిరాతో గీసిన పటం. ఎనిమిది అంగుళాలకు ఒక మైలు, అంటే అంగుళానికి రెండు వందల ఒక్క మీటరు. పొలాల గట్లు, బావులు, బండ్ల బాట, చింతతోపు, ధర్మశాల అన్నీ ఉన్నాయి. ఉత్తరం వైపు ఎర్ర సిరాతో ఒక దీర్ఘచతురస్రం. అదే మజిలీ మైదానం. కెప్టెన్ సాబ్ దాన్ని ముద్దు పెట్టుకోలేదు, అంతే తక్కువ.

తర్వాత మూడు రోజులు పొద్దున అయిదున్నర నుంచి పదకొండు దాకా, మళ్ళీ నాలుగు నుంచి ఏడు దాకా చరిత్రలో నడిచాం. పటంలో చింతతోపు ఉన్నచోట నేల మీద పెట్రోల్ బంకు ఉంది. ధర్మశాల చోట ఎరువుల గోదాం. బండ్ల బాటలో సగం తారు రోడ్డు కిందికి, సగం కాలువలోకి పోయింది. పత్తి అని రాసిన పొలాలన్నీ చెరకు. వాగు అయితే రెండు పొలాలు పక్కకు జరిగి పడుకుంది. కెప్టెన్ సాబ్ ప్రతిచోటా ఆగి నోటుబుక్కులో రాసుకునేవాడు. మేం ఎండలో నిలబడి ఆయన రాయడం చూసేవాళ్ళం.

ఊరి పెద్దలను అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో దిక్కు చూపించారు. ఒకాయన "పటాలం దిగింది మా పొలంలోనే" అని కూర్చోబెట్టి టీ పోసి రెండు గంటలు చెప్పాడు. గుర్రాలు ఎక్కడ కట్టేవారో కూడా చూపించాడు. సర్కారు ఏదో ఇస్తుందనుకున్నాడు పాపం. ఇవ్వడానికి కాదు, తీసుకోవడానికి వచ్చామని తెలిశాక గొంతు మార్చాడు.

"అది మా తాత చెప్పిన మాట సాబ్. తాతకు చివరి రోజుల్లో మతి ఉండేది కాదు."

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆరో రోజు ముళ్ళ పొదల వెనక పటంలో ఉన్న దిగుడుబావి దొరికింది. ఇక్కడివాళ్ళు వావ్ అంటారు. నీళ్ళు లేవు. మెట్లన్నీ నడిమధ్యలో అరిగి గుంటలు పడి ఉన్నాయి. నాయక్ బూటు విప్పి ఒక గుంటలో పాదం పెట్టాడు.

"ఎన్ని వేల కాళ్ళు దిగినయో గదనే అన్నా" అన్నాడు.

ఆ పది నిమిషాలు నాకూ చిరాకు లేదు.

ఏడో రోజు, అంటే ఆదివారం, దక్షిణాన మూడు ఊళ్ళ హద్దులు కలిసే రాయి దొరికింది. చెరకు చెత్త కింద చీమల పుట్టకు ఆనుకుని ఉంది. పటంలోని ప్రతి కొలతా ఆ రాయి నుంచే మొదలవుతుంది. అక్కడి నుంచి తూర్పున ఇంకో హద్దురాయి ఉంది. పటం మీద రెండింటి మధ్య అయిదున్నర అంగుళాలు, అంటే పదకొండు వందల ఆరు మీటర్లు. యంత్రం పెట్టి చూశాను. పదకొండు వందల ఎనిమిది. నూటయాభై ఏళ్ళ పటానికి రెండు మీటర్ల తేడా అంటే బంగారం.

"స్కేలు పక్కాగా ఉంది సాబ్" అని కెప్టెన్‌కు చెప్పాను.

నాయక్ గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, తూర్పు దిక్కే జూసినం. ఉత్తరం దిక్కు బాయి దాక గూడ జూద్దామా జర? ఫోన్‌ల జీపీఎస్ జూసినా అయిదు నిమిషాల పని."

"ఫోన్ పట్టుకుని సర్వే చేస్తవా? ఇన్నేండ్ల నౌకరీల గిదేనా నేర్సుకున్నది?" అని కసిరాను.

నాయక్ కర్ర భుజాన వేసుకుని పోయాడు. ఎండకు నాకు తల వాచిపోతోంది, గడువు మూడు రోజులుంది, కొలిచింది మళ్ళీ కొలిచే ఓపిక లేదు. ఇవి కారణాలే, సాకులు కావు అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు సాకులే అంటాను.

రాయి నుంచి మైదానం దక్షిణపు అంచుకు పటం మీద సరిగ్గా ఏడు అంగుళాలు. నేల మీద పద్నాలుగు వందల ఎనిమిది మీటర్లు. చెరకులోంచి దారి చేసుకుంటూ ఆ గీత పెట్టడానికి సోమవారం అంతా పట్టింది, మంగళవారం పొద్దున కూడా పట్టింది. తొమ్మిదీ ఇరవైకి వాకీటాకీలో మాట్లాడుతున్నాం.

"ముందుకు."

"ముందుకే పోతున్న."

"ఇంకో రెండు మీటర్లు. ఎడమకు అర. ఆగు. మేకు కొట్టు."

"కొట్టిన. అన్నా, ముందట గోడ ఉన్నది."

"ఏం గోడ?"

"ఇల్లన్నా. ఒక్కటి గాదు. వాడ ఉన్నది ఈడ."

పదకొండు ఇళ్ళు. చెరకు కోతకు, కలుపుకు కూలి పోయేవాళ్ళ వాడ. మట్టి గోడలు, పైన ఎర్ర పెంకులు. మా మేకు దగ్గర మొదలై ఉత్తరంగా అరవై మీటర్ల లోపల వాడ మొత్తం అయిపోతుంది. అంటే మొత్తం మా గీత లోపలే. పాత పటంలో ఆ చోట ఒక్క ఇల్లు కూడా లేదు.

కెప్టెన్ సాబ్ వచ్చి చూశాడు. నోటుబుక్కు తీయలేదు. కాసేపు మెడ రుద్దుకున్నాడు.

"నంబర్లు వేయండి" అన్నాడు.

ఎర్ర పెయింటు డబ్బా, వెడల్పు కుంచె. ఒకటి నుంచి పదకొండు దాకా నేనే వేశాను. నాయక్‌ను వేయమంటే కర్ర తుడుచుకోవాలన్నాడు. ఏడో నంబరు ఇల్లు సవితాబెన్‌ది. యాభై దాటిన మనిషి. భర్త లేడు, కొడుకు కోతల గుంపుతో వేరే జిల్లాలో ఉన్నాడు. నేను వేస్తుంటే పక్కన నిలబడి చూసింది. తర్వాత గుజరాతీలో అడిగింది.

"ఇది ఏం నంబరు సాబ్?"

"కొలత నంబరు బెన్."

"పడగొట్టే నంబరా?"

"ఇంకా ఏమీ తేలలేదు. పైవాళ్ళు చూస్తారు."

"రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అన్న ఇంటికీ ఇట్లాగే వేశారు. పైవాళ్ళు చూస్తారనే చెప్పారు. చూశారు. తర్వాత మిషను వచ్చింది."

కుంచె కడుక్కుంటాను, నీళ్ళు ఇవ్వమన్నాను. ఇచ్చింది.

బుధవారం సాయంత్రం రిపోర్టు పోయింది. అందులో ఊరి గతం గురించి కెప్టెన్ సాబ్ రాసిన ఆరు పేజీలు కూడా ఉన్నాయి. దిగుడుబావి ఫొటోలు, మెట్ల కొలతలు. పదకొండు ఇళ్ళ గురించి మూడు లైన్లు.

శనివారం కొత్త ఆర్డరు. రిపోర్టుకు పటం నకలు జతచేయాలి. అంత పెద్ద గుడ్డను నకలు తీసే మిషను సూరత్‌లోనే ఉంది. నేను గొట్టం చంకలో పెట్టుకుని జిప్సీ ఎక్కాను. నకలు పని పదకొండున్నరకు అయిపోయింది. డ్రైవర్ ఇక ఆగలేకపోయాడు. నన్ను పర్వత్ పాటియాలో దింపి, మూడింటికి వస్తానని చెప్పి, డుమస్‌కు పోయాడు.

మా ఇల్లు మూడో అంతస్తు, ఒక గది, ఒక వంటిల్లు. బాపుకు అరవై దాటినా ఇంకా మగ్గాల మీదే ఉన్నాడు. ఆ వారం రాత్రి పాళీ, కాబట్టి మధ్యాహ్నం ఇంట్లోనే దొరికాడు. అవ్వ, అంటే మా అమ్మ, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది.

"గా గొట్టంల ఏందిరా?" అన్నాడు బాపు.

"నక్షా బాపు. సర్కారుది. ముట్టకు."

ముట్టొద్దంటే ముట్టకుండా ఉండే మనిషి కాదు. చేతులు కడుక్కుని, తువాలకు తుడుచుకుని, గుడ్డ బయటికి తీశాడు. ఊరును చూడలేదు, గీతలు చూడలేదు. అంచు పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు.

"గిది తడిసింది."

"అవ్. వరదల తడిసిందట. ఆరబెట్టిన్రట."

"ఆరబెడితె ఆరుతది. గుంజుకపోయింది మల్ల సాగుతదా? గీ మూల సూడు, గంజి అట్లనే ఉన్నది, తడవలే. గీడ తడిసింది, గంజి పోయింది. నడుమ ఎట్ల ముడుసుకున్నదో సూడు."

లేచి గూట్లోంచి చిన్న భూతద్దం తెచ్చాడు. అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూసే అద్దం, కార్ఖానాలో ప్రతి మనిషి జేబులోనూ ఉండేదే. తడవని మూల మీద పెట్టి, సూది మొనతో ఒక్కో పోగు జరుపుతూ నిలువుగా లెక్కపెట్టాడు.

"యాబయ్యారు."

తడిసిన చోట పెట్టాడు.

"యాబై తొమ్మిది."

అడ్డంగా తిప్పి రెండు చోట్లా మళ్ళీ లెక్కపెట్టాడు.

"అడ్డంల ఎక్కడ సూసినా ఒక్కటే. పేక గుంజుకోలే. పడుగే గుంజుకున్నది. మగ్గం మీద గుంజి గట్టేది పడుగునే గద, నీళ్ళు తగిలితె అదే ఎనుకకు పోతది. గిది నీకు తెల్వదారా?"

నాకు తెలుసు. పడుగంటే నిలువు పోగులు, పేకంటే అడ్డం పోగులు, వాటి మధ్య పాకుతూ పెరిగినవాణ్ణి. బడి లేని రోజుల్లో కార్ఖానాలో నూలు కండెలు అందించినవాణ్ణి. కొత్త గుడ్డ ఉతికితే పొడుగు తగ్గుతుందని, వెడల్పు అంతగా తగ్గదని పదేళ్ళకే తెలుసు. ఇంజినీరుకు తెలియకపోతే వాణ్ణి ఏమీ అనను. నేతవాళ్ళ కొడుకును, గుడ్డ చేతిలో పట్టుకుని, తడిసిందని చెవులారా విని, వెడల్పు ఒక్కటే కొలిచి స్కేలు పక్కా అన్నాను.

"పడుగు ఏ దిక్కున్నది బాపు?"

"గీ పొడుగు దిక్కు."

పటం పొడుగు ఉత్తర దక్షిణాలు. రొట్టె పక్కన పెట్టి లెక్క వేశాను. అంగుళంలో యాభై ఆరు ఉండాల్సిన పోగులు యాభై తొమ్మిది ఇరుక్కున్నాయి, అంటే గుడ్డ గుంజుకోకముందు రాయికీ మైదానానికీ మధ్య ఏడు అంగుళాలు కాదు, ఏడుంబావు దాటి ఉండేది. నేల మీద డెబ్బై అయిదు మీటర్ల తేడా. అసలు గీత డెబ్బై అయిదు మీటర్లు ఇంకా ఉత్తరాన ఉంది. వాడ అరవై మీటర్లకే అయిపోతుంది. పదకొండు ఇళ్ళలో ఒక్కటి కూడా సైన్యం నేలలో లేదు.

"తినురా, సల్లారుతది" అంది అవ్వ.

"పదకొండు ఇండ్లకు ఎర్ర పెయింట్ ఏసొచ్చిన అవ్వా. తప్పు కొలిసి."

అవ్వ బాపు వైపు చూసింది. బాపు పటాన్ని జాగ్రత్తగా చుట్టి గొట్టంలో పెట్టాడు.

"ఏసింది నువ్వేనాయె. పోయి చెరిపెయ్" అన్నాడు.

డ్రైవర్‌కు ఫోన్ చేశాను. ఒంటి గంటా పది.

"భజియా ఇప్పుడే ప్లేటులో పడింది" అన్నాడు.

"పొట్లం కట్టించుకుని రా."

వచ్చాడు. దారంతా ఒక్క చేత్తో తింటూ నడిపాడు.

నాలుగింటికి ఊళ్ళో దిగి నేరుగా హద్దురాయి దగ్గరికి పోయాను. ఫోన్ తీశాను. అవును, ఫోనే. తర్వాత దిగుడుబావి దగ్గరికి పోయి మళ్ళీ చూశాను. రెండింటి మధ్య పటం మీద సరిగ్గా ఎనిమిది అంగుళాలు, అంటే పదహారు వందల తొమ్మిది మీటర్లు ఉండాలి. ఫోన్ పదహారు వందల తొంభై రెండు చూపించింది. నాయక్ పక్కనే ఉన్నాడు.

"నేనేమంటలేనన్నా" అన్నాడు.

"అను. నాలుగు తిట్టు."

"తిడితె గోడలు కడిగినట్టయితదా?"

ఆదివారం పొద్దున అయిదున్నరకు యంత్రం బయటికి తీశాం. కాలువ గట్టు పట్టుకుని, వాడ వైపు పోకుండానే, పదిచోట్ల నిలబెట్టి, రాయి నుంచి బావి దాకా మళ్ళీ కొలిచాం. పదీ యాభైకి ముగిసింది. పదహారు వందల తొంభై అయిదు మీటర్లు. బాపు పోగుల లెక్కకు అడుగు అటూ ఇటూ లేదు.

టెంటులో కెప్టెన్ సాబ్ అంతా విన్నాడు. చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశాడు.

"రిపోర్టు పోయి నాలుగు రోజులైంది."

"తెలుసు సాబ్."

"ఇది ఎవరు పట్టుకున్నారు?"

"మా నాన్న సాబ్. మగ్గం నేస్తాడు."

"పైకి ఏమని రాయను? హవల్దార్ తండ్రి గుడ్డ నలిపి చూశాడనా?"

"అదే రాయండి. తప్పు కొలిచింది హవల్దార్ అని కూడా రాయండి. ఉత్తరం దిక్కు చూద్దామని నాయక్ అన్నాడని, నేనే వద్దన్నానని కూడా."

ఆయన కుర్రవాడు, ముందు ఎంతో ఉద్యోగం ఉంది. ఆరు పేజీల చరిత్ర రాసి పంపిన చేత్తో తప్పైందని రాయడం ఎంత కష్టమో ముఖంలో కనిపించింది. అయినా రాశాడు. పన్నెండుకు పంపేశాడు. ఆ మనిషి మీద మొదటి రోజు నుంచి ఉన్న చిరాకు నాకు అప్పుడు పోయింది.

అసలు మజిలీ మైదానం ఎక్కడ తేలిందో తెలుసా? వాడకు ఉత్తరాన ఉన్న ముళ్ళ తుప్పలో. ఇల్లు లేదు, పంట లేదు, మేకలు కూడా పోవు. ఇంత చేసి సైన్యానికి దక్కింది ముళ్ళు.

ఆ తర్వాతి సంగతులు ముందు చెప్పేస్తాను, అవి కాగితాల మీద ఉన్నాయి. సవరణ నమోదైందని పైనుంచి ఒక్క లైను జవాబు వచ్చింది. గోడల మీద నంబర్లు నేనే సున్నం పూసి చెరిపాను. కానీ ఆ నాలుగైదు రోజుల్లో వాడవాళ్ళు ఊరికే కూర్చోలేదు. మిషను వస్తే పెంకులు పిండి చేస్తుంది, ముందే దింపుకుంటే పెంకులైనా మిగులుతాయి. ఇంకో పది పన్నెండు రోజుల్లో వానలు. అందుకని ఏడు ఇళ్ళవాళ్ళు తమ కప్పులు తామే విప్పేసి, ట్రాక్టర్ల మీద చుట్టాల ఊళ్ళకు పంపేశారు. మేం మా లారీలో మూడు ట్రిప్పులు వేసి తిరిగి తెచ్చాం. డ్రైవర్ దూలం మీద ఎక్కి పెంకులు పేర్చాడు. నాయక్ కింద నుంచి అందించాడు. చివరి రెండు ఇళ్ళకు కప్పు పడకముందే వాన వచ్చేసింది. మూడు ఇళ్ళవాళ్ళు అసలు తిరిగి రాలేదు. నంబరు రెండు, నంబరు మూడు, నంబరు పదకొండు.

ఇరవై ఎనిమిదో రోజు సామాను ఎక్కించి వచ్చేశాం. నన్ను వేరే చోటికి పంపారు, ఇంకొన్నేళ్ళు చేశాను, రిటైరై పర్వత్ పాటియాకే చేరాను. ఏ డ్యూటీ నుంచి తిరిగొచ్చినా కొన్నాళ్ళకు అంతా కలిసిపోతుంది, ఏ కొండ ఎక్కడిదో గుర్తుండదు. ఈ డ్యూటీలో ఒక మధ్యాహ్నం మాత్రం అట్లాగే ఉంది. అది ఏ రిపోర్టులోనూ లేదు.

ఆ ఆదివారమే. కెప్టెన్ సాబ్ సవరణ పంపగానే నేను టోపీ కూడా పెట్టుకోకుండా వాడకు పరుగెత్తాను. పన్నెండున్నర. సంతోషంగానే పోయాను, అదే నాకు సిగ్గు. మీ ఇళ్ళకు ఏమీ కాదు అని చెప్పబోతున్నాను కదా, ఎంత మంచి మాట తీసుకుపోతున్నానో అనుకున్నాను. వాడ మలుపు తిరిగాక ఆగిపోయాను. గోడలున్నాయి, నేను వేసిన నంబర్లున్నాయి, సగానికి పైగా ఇళ్ళకు పైన పెంకులు లేవు. దూలాలు కూడా లేవు. మనుషులంతా కోతకు పోయినట్టున్నారు. ఏడో నంబరు ఇంటి ముందు నిలబడ్డాను. నాలుగు మొండి గోడలు, వాటి మధ్య మూసిన తలుపు. తలుపుకు తాళం వేసి ఉంది.

కాసేపటికి సవితాబెన్ గడ్డి మోపుతో వచ్చింది. మోపు దింపి, కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి, తాళం తీసింది.

"లోపలికి రండి సాబ్. బయట ఎండ."

మర్యాదకు అలవాటైన మాట. ఏం అంటోందో ఆమె గమనించలేదు. నేను లోపలికి పోయాను. మంచం, పొయ్యి, నీళ్ళ బిందె, శుభ్రంగా అలికిన నేల. అంతటా తెల్లని ఎండ. ఆ రోజుల్లో సూరత్ వైపు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, గోడకు నీడ పడదు. ఆమె ప్లాస్టిక్ స్టూలు తెచ్చి ఒక గోడ పక్కన వేసింది. చూసి, తీసి ఇంకో గోడ పక్కన వేసింది. అక్కడా నీడ లేదు. చివరికి మధ్యలోనే వేసి, కూర్చోమంది. బిందెలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. నీళ్ళు వేడిగా ఉన్నాయి.

"బెన్, కొలతలో తప్పు జరిగింది. తప్పు నాదే. మీ ఇల్లు మా గీతలో లేదు. మీ ఇంటికి ఎవరూ రారు."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే ఇది నా ఇల్లే" అంది.

అని, తలెత్తి పైకి చూసింది. నేను గ్లాసు పట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చున్నాను.